మానిటర్‌కు పెట్టిన పసుపు బొట్టు

వనపర్తిలో ఇరవై ఎనిమిదేండ్లు కంప్యూటర్ల దుకాణం నడిపి, మొన్నటి ఎండాకాలంలో షట్టర్ దించేసిన మనిషిని నేను. ఎక్కువగా అమ్మింది మానిటర్లే. వాటన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పరిస్తే వనపర్తి నుంచి గద్వాల దాకా రోడ్డంతా అద్దమే అవుతుంది. మధ్యలో పెబ్బేరు సంతకు పోయే ఎడ్లు అందులో కొమ్ములు చూసుకొని మురిసిపోతాయి. నా భార్య ఈ లెక్క ఒప్పుకోదు. “మన గల్లీ మూల దాకా వస్తయేమో, గంతే” అంటుంది. ఆమె మాట కూడా దాచకుండా రాశాను కాబట్టి నేను ఎంత నిజాయితీపరుణ్ణో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. బిల్లు పుస్తకాలు, పన్నుల కాగితాలు, ఎక్కువ అమ్మినందుకు కంపెనీలు ఇచ్చిన గోడ గడియారాలు, వీటి గురించి ఏమీ చెప్పను. గడియారాలు పదకొండున్నాయి. ఒక్కటీ సరైన టైము చూపించదు.

గొంగడి కింద

మానిటర్ అమ్మడమంటే పెట్టె చేతికివ్వడం అనుకుంటారు. కాదు. కొనేవాడికంటే ముందు, వాడి తరఫున మనం చూడడం. అద్దంలో దాక్కునే దొంగలు కొందరుంటారు. చచ్చిన చుక్క ఒకటి: తెర మొత్తం తెల్లగా పెట్టినా అది మాత్రం నల్లగా, మొండిగా అక్కడే కూర్చుంటుంది. మూలల్లోంచి వెలుతురు కారడం ఇంకొకటి: తెర నల్లగా పెడితే అంచుల దగ్గర తెల్లారినట్టు కనబడుతుంది. ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకో రంగు చూపించేది మూడోది. ఇది అందరికంటే తెలివైన దొంగ.

వెలుతురు కారేది పట్టుకోవాలంటే చీకటి కావాలి. నా దుకాణం ఎండకు ఎదురుగా ఉండేది. పట్టపగలు అందులో చీకటి ఎక్కడ దొరుకుతుంది? అందుకని గట్టు అనే ఊరి నుంచి నల్ల గొంగడి ఒకటి తెప్పించాను. అచ్చమైన గొర్రె బొచ్చు. మానిటర్ మీద, నా మీద, కొనే మనిషి మీద కలిపి కప్పేవాణ్ణి. లోపల ఆ చీకటి ఎంత చిక్కగా ఉండేదంటే, మే నెల మధ్యాహ్నం కూడా నాకు చుక్కలు కనబడేవి. సగం చుక్కలు ఊపిరాడక వచ్చినవి.

ఒకసారి అమ్రాబాద్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ బయటే నిలబడిపోయింది.

“ఏంది సార్ ఇది? మానిటర్ కొననీకి వస్తే గొంగడి కప్పుతున్నరు?”

“లోపలికి రామ్మా, జర చూపిస్త.”

“మా అడవిలనే పులులున్నయనుకున్న. ఈడ గూడ గుహ ఉన్నదన్నమాట.”

వచ్చింది, చూసింది. కుడి మూల నుంచి వెలుతురు కారుతుంటే ఆమే ముందు పట్టుకుంది. అది పక్కన పెట్టి రెండోది తెరిచాం. ఆ తర్వాత అమ్రాబాద్ నుంచి వచ్చినవాళ్ళందరూ “గొంగడి సార్ దుకాణం ఏడ?” అని అడుగుతూ వచ్చారు. బోర్డు మీద నేను రాయించుకున్న పేరు ఎవరికీ గుర్తులేదు, నిజం చెప్పాలంటే ఇప్పుడు నాకూ లేదు.

కుర్చీలో కూర్చొని చూడు

నాకు పని నేర్పింది ఖాజా భాయ్. టీవీలు బాగుచేసేవాడు. ఆయన దగ్గర నాలుగేండ్లు ఉన్నాను. అందులో రెండేండ్లు తిట్లు తినడానికే సరిపోయాయి. ఒకసారి కొత్తకోటలో ఒక ఇంటికి పోయి టీవీ బాగుచేసి, నిలబడి చూసి, “బొమ్మ మంచిగొచ్చింది భాయ్” అన్నాను. ఆయన నా భుజం పట్టి ఇంటాయన కుర్చీలో కుదేశాడు. కూర్చొని చూస్తే కిటికీ ఎండంతా టీవీ మీదే ఉంది. బొమ్మ కాదు కదా, నా ముఖమే కనబడుతోంది.

“నిల్సోని చూస్తే నీ పని కనబడ్తది బేటా. కూసోని చూస్తే ఆయన పరేషాన్ కనబడ్తది” అన్నాడు.

ఖాజా భాయ్‌కి కోపం ఎక్కువ, చదువు తక్కువ. కంపెనీ వాళ్ళు సూటు వేసుకొని హోటల్ హాల్లో మాకిచ్చిన ట్రైనింగులన్నీ కలిపినా ఆ ఒక్క కుర్చీకి సరిరావు. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఆ హోటల్లో బిర్యానీ బాగుంటుంది, అది వేరే విషయం.

తిమ్మాజిపేట పెద్దాయన పొలం

చచ్చిన చుక్క చిన్నదే కదా, కంపెనీ రూలు ప్రకారం ఒకటి రెండు ఉండవచ్చు కదా అని కొత్తవాళ్ళు అంటారు. నాగర్‌కర్నూల్‌లో దస్తావేజులు టైపు చేసే ఒకాయనకు నేనూ అదే మాట చెప్పి అమ్మాను. నెల తిరగకముందే ఫోను: “సార్, జల్దీ రాండ్రి, ఈడ కొట్లాటయితున్నది.”

పోయి చూస్తే తిమ్మాజిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన తువ్వాల నడుముకు బిగించి నిలబడి ఉన్నాడు. ఆయనది పన్నెండెకరాల పొలం. తెర మీద ఒకటికీ రెండుకూ మధ్య నల్ల చుక్క. పన్నెండు కాస్తా ఒకటి పాయింటు రెండయింది, అంటే ఎకరం రెండు గుంటలు. ఎకరానికి నలభై గుంటలు.

“నా పదెకరాల ముప్పై ఎనిమిది గుంటలు యాడికి పోయినయ్?” అంటున్నాడు. గుంటతో సహా లెక్క క్షణంలో కట్టాడు. ఏ కంప్యూటరూ అంత వేగంగా కట్టదు.

నేను కాగితాన్ని తెర మీద కొంచెం పైకి జరిపాను. అక్షరాలు జరిగాయి, చుక్క జరగలేదు. “చూడు పెద్దాయనా, నీ పొలం పొలం తీరుగనే ఉన్నది. ఇది అద్దంల పడ్డ పురుగు” అన్నాను. ఆయన వేలితో నాలుగుసార్లు పొడిచి, “చచ్చినట్టే ఉన్నది” అని ఒప్పుకున్నాడు. ఆ మానిటర్ ఆరోజే మార్చాను. చుక్క ఎంత పెద్దది అని అడగకండి. ఎక్కడ కూర్చుంది, ఆ తెర ముందు ఎవరు కూర్చుంటారు అని అడగండి.

బొట్టు

మన దగ్గర ఏ కొత్త వస్తువు ఇంటికొచ్చినా పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తప్పవు. నాకేం అభ్యంతరం లేదు. నేనూ పెట్టేవాణ్ణి. కానీ కొందరు పెట్టె విప్పగానే అద్దానికే తడి పసుపు పూస్తారు. బొట్టు పడ్డాక లోపం బయటపడితే కంపెనీ వాపసు తీసుకోదు. “వాడిన వస్తువు” అంటుంది. కాబట్టి ముందు అన్ని రంగులూ పెట్టి చూడండి, తర్వాత బొట్టు, అది కూడా వెనక వైపు. ఈ మాట నేను వేలమందికి చెప్పాను. లక్షమందికి అని రాసి కొట్టేశాను.

గద్వాలలో మాణిక్యమ్మకు చెప్పడం మాత్రం మర్చిపోయాను.

మాణిక్యమ్మది నేత ఇల్లు. చీరల అంచుల బొమ్మలు కంప్యూటర్ మీద గీస్తుంది. ఆమె గీసింది చూసి ఎనిమిది మగ్గాలు నడుస్తాయి. హైదరాబాద్‌లో ఒక చీరల దుకాణం ఆమెకు మొదటిసారి నేరుగా పెద్ద ఆర్డరు ఇచ్చింది. లేత గంధం రంగు చీరలు. రంగు ముక్క ఒకటి పంపారు. ఆ ముక్కను తెర పక్కన పట్టుకొని, తెర మీది రంగు దానికి సరిపోయేదాకా మార్చి, ఆ బొమ్మ వాళ్ళకు పంపాలి. వాళ్ళు సరేనంటేనే దారానికి రంగు వేయాలి. దానికోసమే నా దగ్గర కొత్త మానిటర్ కొన్నది. గొంగడి కింద నేనే చూసి ఇచ్చాను.

వారం కాకముందే ఫోను.

“సార్, అద్దం ఎడమపక్క పసుపుపచ్చగ కనబడ్తున్నది. నేను పంపిన బొమ్మ చూసి వాళ్ళు గంధం కాదు, బూడిద అన్నరు.”

“బొట్టు ఏడ పెట్టినవ్ మాణిక్యమ్మా?”

“ఎడమపక్క, పైన మూలకు.”

“ఇంగేముంది! నీ పసుపే నీకు కనబడ్తున్నది. తడి బట్టతో తుడువు” అని పెట్టేశాను. నా తెలివికి నేనే మురిసి ఆరోజు రెండు చాయ్‌లు ఎక్కువ తాగాను.

నాలుగు రోజులకు మళ్ళీ ఫోను. ఈసారి గొంతు వేరేగా ఉంది. “రెండో బొమ్మ గూడ వాపస్ చేసిన్రు సార్. మూడోది రేపటికల్లా పంపమన్నరు. అది గూడ తప్పయితే వేరేటోళ్ళకు ఇచ్చుకుంటరంట. ఎనిమిది మగ్గాలు సార్ నాయి.”

అయిదు తెలుపులు

పొద్దున్నే బస్సెక్కి పోయాను. మగ్గాల చప్పుడు ఆ గల్లీ మొదట్లోనే వినబడుతుంది. మాణిక్యమ్మ మామ తిప్పన్న గడప పక్కన కూర్చొని కండెలు చుడుతున్నాడు. ఆయనకు డెబ్బై అయిదేండ్లుంటాయి.

నేను సంచిలోంచి సీసా, మెత్తని గుడ్డ తీసి ఆ మానిటర్‌కు పెండ్లికొడుకు స్నానం చేయించాను. పసుపు కొంచెం అంచు ఫ్రేమ్ సందులో దిగింది, అది రాలేదు. తెర తెల్లగా పెట్టి, ఖాజా భాయ్ చెప్పినట్టే ఆమె కుర్చీలో కూర్చొని చూశాను. ఇటు నుంచి అటు దాకా ఒక్కటే తెలుపు.

“చూడమ్మా, పాల లెక్కున్నది.”

“లేదు సార్. ఎడమపక్క పసుపు కొడ్తున్నది.”

“ఇరవై ఎనిమిదేండ్ల సంది అద్దాలు చూస్తున్న మాణిక్యమ్మా. నీ కండ్లల్ల నలుసేమన్న పడ్డదేమో చూసుకో.”

ఆ మాట అన్నానో లేదో, వెనక ఒక మగ్గం ఆగింది. తర్వాత ఇంకొకటి. ఎనిమిదీ ఆగాయి.

మాణిక్యమ్మ లోపలికి పోయి అయిదు చిలపలు, అంటే పట్టు దారం చుట్టలు, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“ఇవేంది?”

“తెల్లవి. ఏది ఏదో వేరు చేయుండ్రి.”

అటు తిప్పాను, ఇటు తిప్పాను. కిటికీ దగ్గరికి పోయాను. “అన్నీ ఒక్కటేగదా!”

మగ్గాల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. తిప్పన్న లేవలేదు కూడా. గడప దగ్గర నుంచే వేలు చూపించాడు. “మొదటిది ముగ్గు తెలుపు. రెండోది మల్లెమొగ్గ. మూడోది బియ్యం కడిగిన నీళ్ళు. నాలుగోది మజ్జిగ. అయిదోది నా పాత ధోతి. అయిదూ ఒక్కటేనా బిడ్డా?”

“నాకు గట్లనే కనబడ్తున్నయ్ పెద్దాయనా.”

“ఇట్ల రా. కండ్లద్దాలు తియ్యి.” నా గడ్డం పట్టి వెలుతురుకు తిప్పాడు, మేకను బేరం చేసినట్టు. “పొర వస్తున్నది. శుక్లాలు. నాకూ ఇట్లనే అయ్యింది. ఏడాది పొడుగూ తెల్లచీరలన్నీ గంధం చీరలనే అనుకున్న. అందరితో కొట్లాడిన. ఈ కోడలే గుంజుకపోయి దవాఖానల పడేసింది.”

మాణిక్యమ్మ మాత్రం నవ్వలేదు. గోడ గడియారం వైపు చూసింది. “మీ కండ్ల సంగతి తర్వాత చూద్దాం గని సార్, నా మూడో బొమ్మ సంగతి చెప్పుండ్రి. గీ దినమే ఉన్నది.”

ఆ ఇంట్లో అందరికంటే తేట నీళ్ళలాంటి బుర్ర ఆమెదే. పరువు పోయిందని నేను ఏడవడానికి కూడా ఆమె దగ్గర టైము లేదు.

మూడో బొమ్మ

దుకాణందారులు ఎప్పటికీ అనని మాట అన్నాను. “మాణిక్యమ్మా, నీ కన్ను కరెక్టు. నా కన్ను తప్పు. ఇయ్యాల నువ్వు చూడు, నేను చేస్త. కుడిపక్క ఎట్లున్నది?”

“కుడిపక్క మంచిగనే ఉన్నది.”

“మరి చీర బొమ్మ కుడిపక్కకు ఎందుకు పెట్టుకోలేదు?”

“దాంట్ల బొమ్మ ఎడమపక్కనే వస్తది సార్. పనిముట్లన్నీ కుడిపక్క ఉంటయ్. మార్చనీకి నాకు తెల్వదు.”

మార్చడం నాకు తెలుసు. కండ్లు పోయినా వేళ్ళు పోలేదు కదా. పనిముట్లన్నీ ఎడమకు నెట్టి, చీరను కుడికి తెచ్చాను. ఆమె రంగు ముక్కను పక్కన పట్టుకొని చూసి, “అయ్యో!” అంది. “ఇంత బూడిద పంపిన్నా నేను?”

జరిగింది అదే. ఎడమపక్క అద్దమే పసుపు కలుపుతుంటే, తెర మీది రంగు చేతిలోని ముక్కకంటే పసుపుగా కనబడి, ఈమె పసుపు తగ్గించుకుంటూ పోయింది. ఆమె చేయి తప్పు చేయలేదు. నేను అమ్మిన అద్దం ఆమె చేత తప్పు చేయించింది, ఆ పైన నేను ఆమె బొట్టు మీద నింద వేశాను.

కిటికీకి పాత చీర అడ్డం కట్టి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. రంగు కుదిరాక ఇంకో మాట చెప్పాను: “బొమ్మ ఒక్కటే పంపకు. వాళ్ళ ఫోన్ అద్దం ఎట్లుంటదో మనకు తెల్వదు. దారం గూడ పంపు.” రంగులు వేసే ఆయనను బతిమాలి ఒక చిన్న చిలపకు అదే రంగు వేయించి, ఆరబెట్టి, సాయంత్రం హైదరాబాద్ బస్సులో పార్సిల్ వేయించాం. దారం ఆరేదాకా తిప్పన్న విసనకర్రతో విసిరాడు. ఆ విసురుకు జూరాల డ్యాంలో అలలు లేచాయని చెబితే మీరు నమ్మరు, అందుకే చెప్పడంలేదు.

మరునాడు పదకొండు గంటలకు మాణిక్యమ్మ ఫోను. “ఇదే గంధం అన్నరు సార్. మొదలువెట్టుమన్నరు.” అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. ఆమె వెనక ఎనిమిది మగ్గాలూ మాట్లాడుతున్నాయి.

రెండో విడత చూపు

కంపెనీ నేను అనుకున్న మాటే అంది. పసుపు అంటింది, వాపసు లేదు. దాన్ని గద్వాల నుంచి తెచ్చి నా దుకాణంలోనే ఉంచుకొని, ఆమెకు కొత్తది ఇస్తానని మాట ఇచ్చి, ముందు దవాఖానకు పోయాను.

రెండు కండ్లకూ ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చి చూస్తే లోకం సున్నం వేసినట్టుంది. నేను తెల్లదనుకొని పెండ్లిళ్ళకు వేసుకుంటున్న చొక్కా గోధుమరంగుది. “చెప్పలేదేం?” అంటే నా భార్య, “మూడేండ్ల సంది చెప్తున్న. నా కండ్లల్ల నలుసు పడ్డదన్నవ్” అంది.

ఆ పసుపు మానిటర్ ముందు కూర్చున్నాను. ఎడమపక్క ఎంత పసుపంటే, కూరలో వేసుకోవచ్చు. ఆరోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతకు ముందు మూడేండ్లుగా నేను చూసి పాస్ చేసినవన్నీ అదే కండ్లతో చూసినవి.

కాబట్టి తిరిగాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అమ్రాబాద్. ఇంటింటికీ పోయి, “అమ్మా, నేను అమ్మిన మానిటర్ ఒకసారి చూడొచ్చా?” అని అడిగాను. జనం భయపడ్డారు. అమ్మినవాడు పిలవకుండా వస్తే ఎవరికైనా అనుమానమే. నాలుగు చోట్ల రంగు తేడా పట్టుకున్నాను. మూడు మార్చాను. నాలుగోది అమ్రాబాద్ టీచరమ్మది. ఆమె ఇవ్వనంది.

“నాకు ఇట్లనే అలవాటైంది సార్. తెల్లగుంటే కండ్లు గుంజుతయ్. మీరు పోయి చాయ్ తాగుండ్రి.”

ఈ తిరుగుడు చూసి తోటి దుకాణందారులు నవ్వారు. నవ్వనీ. మీ పనిలో మీకు తప్పు జరిగిందని తెలిసిన రోజు, కొన్నవాడు వచ్చేదాకా ఆగకండి. మీరే పోండి. నేను నా పని గురించి ఛాతీ ఉబ్బించి చెప్పుకోగలిగే మాట ఇదొక్కటే. మిగతావి కూడా చెప్పుకుంటాను గానీ, అవి ఊరికే.

వాపసు

చివరగా మాణిక్యమ్మకు కొత్త మానిటర్ తీసుకొని గద్వాల పోయాను. మగ్గాల మీద గంధం చీరలు సగానికి వచ్చాయి. ఎర్ర అంచు పక్కన ఆ గంధం ఎంత హాయిగా ఉందో, కొత్త కండ్లకు అదే మొదటి బహుమానం. తిప్పన్న నన్ను ఊరికే వదలలేదు, చిలపలు ముందర పెట్టాడు. అయిదూ వేరు చేశాను. పాత ధోతిని మాత్రం మజ్జిగ అన్నాను. “పాసే పో” అన్నాడు.

మానిటర్ పెట్టె విప్పి, బొట్టు పెట్టకుండానే ఆన్ చేశాం. తెలుపు, నలుపు, ఎరుపు, నీలం, బూడిద. దుకాణంలో రెండు గంటలు చూసి ఏరి తెచ్చాను కాబట్టి ధీమాగా చేతులు కట్టుకొని నిలబడ్డాను. మాణిక్యమ్మ కుర్చీలో కూర్చొని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి, కుర్చీ నాకు ఇచ్చింది.

“బూడిద రంగు పెట్టినప్పుడు కింద కుడి మూల చూడుండ్రి. నీడ లెక్క ఉన్నది.”

కూర్చొని చూశాను. ఉంది. నా కండ్లు ఇప్పుడు మంచివే, అయినా దుకాణంలో నాకు దొరకలేదు, ఆమె చెప్పాక దొరికింది.

“ఇంత చిన్నదానికి దీన్ని వదులుకోవాల్నా సార్? ఇట్లనే నడుస్తదా?” అని అడిగింది. మొదటిసారి ఆమె నన్ను సలహా అడిగింది. నా మాట మీద నమ్మకం పోలేదన్నమాట.

“నువ్వు చూడగలిగితే నడవదు మాణిక్యమ్మా” అన్నాను.

పెట్టెలో మళ్ళీ సర్ది, తాడు కట్టి, తల మీద పెట్టుకొని బస్టాండు దాకా నడిచాను. దారిలో ఎవరో, “ఏంది సార్, వాపస్ చేసిన్రా?” అని అడిగారు.

“చేసిన్రు!” అన్నాను, పక్క గల్లీకి వినబడేటట్టు.